బాయిలర్ దగ్గరి నాన్నకు, పంపుహౌస్ నుంచి

మున్సిపల్ పంపుహౌస్ పక్క గది,
జూన్ 4

నాన్నా,

నీ ఫోను మళ్లీ మోగి మోగి ఆగిపోయింది. క్వార్టర్స్‌లో సిగ్నల్ సరిగా అందదన్నావు గనక కోపం తెచ్చుకోలేదు. ఉత్తరం రాయమన్నావు, రాస్తున్నాను. ఈ రోజుల్లో ఉత్తరం రాసేదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటా. స్టాంపు అడిగితే పోస్టాఫీసులో ఆయన కళ్లజోడు సవరించుకుని మరీ చూశాడు.

ఉద్యోగంలో చేరి రెండు నెలలైంది. నా సెక్షనుకి చాలా పెద్ద పేరు పెట్టారు, పట్టణ ఉద్గారాల తగ్గింపు విభాగం అని. సెక్షనంటే నేనూ, మా ఇంజనీరుగారూ, ఒక కాలి కింద ఇటుక పెట్టిన బల్లా. అక్కడ ఏం పని చేస్తావే అని అమ్మ అడిగింది. పొగ లెక్కపెడతాను అన్నాను. "లెక్కపెట్టినందుకే జీతమిస్తారా?" అంది.

నిజానికి కనపడే పొగ కాదు నాన్నా. బొగ్గు, డీజిలు కాలినప్పుడూ, చెత్తకుప్ప కుళ్లినప్పుడూ కంటికి కనపడని వాయువు పైకి పోతుంది. అది పోయి భూమి వేడిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. మన ఊరు ఏడాదికి ఎంత పంపుతోందో తేల్చి, ఐదేళ్లలో దాన్ని మూడో వంతు తగ్గించాలని కౌన్సిల్ తీర్మానం చేసింది. బస్సులు, చెత్త లారీలు, వీధిదీపాలు, ఇళ్లు, అన్నీ తిరిగి రాసుకున్నాను. కౌన్సిల్ ఆస్తుల్లో అందరికంటే ఎక్కువ తినేది ఎవరో తెలుసా? నా గోడ అవతల ఉన్న పంపులు. కౌన్సిల్ వాడే కరెంటులో సగానికి పైగా నీళ్లు తోడడానికే పోతోంది. పోనీ ఆ నీళ్లు ఇళ్లకు చేరుతున్నాయా అంటే, వంద బిందెలు తోడితే చేరేవి యాభై ఎనిమిది. మిగతావి దారిలోనే మట్టిలో ఇంకిపోతున్నాయి. నువ్వక్కడ చెమటోడ్చి పంపిన కరెంటుతో మేమిక్కడ మట్టికి నీళ్లు తాగిస్తున్నాం.

చిన్నప్పుడు అమ్మ అంటుండేది, గుర్తుందా? "లైటు ఆపవే, లేకపోతే నాన్న ఇంకో పార బొగ్గు వేయాలి" అని. నేను ఇల్లంతా ఆపేదాన్ని. పక్కింట్లో దూరి వాళ్ల లైట్లు కూడా ఆపి తన్నులు తిన్నాను. అందరి లైట్లూ ఆరిపోతే నీకక్కడ పనుండదు, వచ్చేస్తావు అని నా లెక్క. ఇరవై మూడేళ్లొచ్చాయి, డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. లెక్క మాత్రం మారలేదు. ఈ సంగతి మా ఇంజనీరుగారికి చెప్పలేదు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. మార్చిలో నువ్వు వచ్చినప్పుడు నా అపాయింట్‌మెంట్ లెటరు మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. నువ్వు "సరే సరే" అని తలూపి గోడవైపు తిరిగి పడుకున్నావు. అది ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

భూమిలో గొట్టం ఎక్కడ కారుతోందో కనుక్కునే మిషను మా దగ్గర లేదు. వచ్చే ఏడాది దాకా రాదట. ఇరవై ఏళ్లుగా గొట్టాల మధ్య బతుకుతున్నవాడివి, నీకేమైనా దారి తెలుసా?

నీ పంతులమ్మ


పవర్ ప్లాంటు క్వార్టర్స్, గది నంబరు 9,
జూన్ 19

పంతులమ్మా,

చెప్పేది నేను, రాసేది నా గదిలో ఉండే క్రేనువాడు. బొగ్గు ఎత్తే చేత్తో రాస్తాడు గనక అక్షరాలు కూడా టన్ను బరువుంటాయి. చూసుకుని చదువుకో.

(అమ్మాయీ, నేనే క్రేన్ బాబాయిని. మీ నాన్న ఏమంటే అదే రాస్తాను. తిట్లు మాత్రం వదిలేస్తాను.)

నీ ఉత్తరం వీడు చదివాడు. వీడు చదివితే నాకొక్కడికే చదవడు, ఎనిమిదో గదీ పదో గదీ కూడా వింటాయి. మీ ఊళ్లో వంద బిందెలకి నలభై రెండు మట్టిపాలని ఇప్పుడు మా క్యాంటీను వంటవాడికి కూడా తెలుసు. "మీ అమ్మాయి లెక్కలో కొన్ని బిందెలు దొంగలు ఎత్తుకుపోయి ఉండొచ్చు, అడుగు" అన్నాడు. అది కూడా కనుక్కో.

ఇక గొట్టం సంగతి. మా బాయిలర్‌లో వేల ట్యూబులుంటాయి. ఒకదానికి సూదిమొనంత బెజ్జం పడినా ముందు చెవికే తెలుస్తుంది, మీటరుకి తర్వాత. దానికి మిషనెందుకు? మూడడుగుల ఇనుప కడ్డీ తీసుకో. ఒక కొన గొట్టానికి గానీ వాల్వుకి గానీ ఆనించు. రెండో కొన చెవిలో పెట్టుకోకు, చెవి ముందు గట్టి ఎముక ఉంటుంది, దానికి ఆనించు. రెండో చెవి వేలితో మూసుకో. కళ్లు కూడా మూసుకో, కళ్లు తెరిచి ఉంటే చెవి బద్ధకిస్తుంది. మంచి గొట్టం నిండుగా, మెత్తగా ఉంటుంది. కారే గొట్టం పళ్ల సందులోంచి గాలి పీల్చినట్టు వినపడుతుంది. తెల్లవారుజామున వెళ్లు, బళ్లు తిరగక ముందు. ఒంటరిగా వెళ్లకు.

నీ అపాయింట్‌మెంట్ లెటరు సంగతి.

(ఇక్కడ మీ నాన్న లేచి వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాడు. నేను వెళ్లి టీ తాగి వచ్చాను.)

ఆ రోజు ప్రయాణం బడలిక. అంతే అని రాయి.

అమ్మని మందులు మానొద్దని చెప్పు.

నాన్న


పంపుహౌస్ పక్క గది,
జూలై 11

నాన్నా,

ముందు నా పరువు పోయిన సంగతి చెప్పేస్తాను.

పాత కిటికీ చువ్వ ఒకటి సంపాదించి, వాల్వులు తిప్పే తాతని వెంటబెట్టుకుని వారం రోజులు వీధులన్నీ తిరిగాను. తాత టార్చి పట్టుకోవడం, నేను కళ్లు మూసుకుని నేల మీద మోకాళ్లేయడం. పాలు పోసే ఆయన మమ్మల్ని చూసి సైకిలు దిగి, "ఏం పోయిందమ్మా, ఉంగరమా?" అని తనూ వెతకడం మొదలుపెట్టాడు.

ఏడో రోజు దర్జీ ఇంటి ముందు కడ్డీ ఆనించగానే జుయ్యిమని వినపడింది. గంతేశాను. ఇంజనీరుగారిని బతిమాలి రోడ్డు తవ్వించాను. నాలుగడుగుల గుంత. అడుగున గొట్టం, చుక్క తడి లేకుండా, కొత్త పెళ్లికూతురిలా తలవంచుకుని ఉంది. ఆ జుయ్యిమనే శబ్దం దర్జీది. స్కూలు యూనిఫారాల పని ఎక్కువై తెల్లవారకముందే మోటారు మిషను మీద కూర్చుంటున్నాడు. మిషను బల్ల కాలు గోడలోంచి దిగే నీళ్ల గొట్టానికి ఆని ఉంది. బయటికొచ్చి గుంతలోకి తొంగిచూసి, "ఏం మేడం, నా కుట్లు భూమిలోకి కూడా దిగాయా?" అన్నాడు. వీధంతా నవ్వింది. ఇంజనీరుగారు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఇంకో చిక్కు. మన వీధుల్లో కుళాయి ఎవరూ కట్టరు, నీకు తెలిసిందే కదా. నీళ్లొచ్చేది పొద్దున ఒక్క గంట. ఏ గంట అన్నది నీళ్లకే తెలియాలి. అందుకని కుళాయి తెరిచి, కింద ఖాళీ బిందె పెట్టి పడుకుంటారు. బిందెలో నీళ్లు పడ్డ చప్పుడుకి లేస్తారు. లేవనివాళ్ల ఇంటి ముందు కాలవే. ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. మూలింటి పెద్దమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"కుళాయి కట్టేస్తే నీళ్లొచ్చినట్టు నాకెవరు చెబుతారే? నువ్వొచ్చి లేపుతావా?"

"పొగ తగ్గుతుంది పెద్దమ్మా" అన్నాను.

"మా ఇంట్లో కట్టెలపొయ్యి తీసేసి పదేళ్లైంది. పొగెక్కడిదే?"

నీళ్లు తోడడానికి కరెంటు, కరెంటుకి బొగ్గు, బొగ్గుకి మా నాన్న అని ఆమెకి అంతా విడమరిచి చెప్పాను. ఆమె నా మొహం చూసి, "అయితే మీ నాన్నని చూసి ఎన్నాళ్లైందే?" అంది. నేను లెక్క చెప్పాను. మూడు నెలల పద్నాలుగు రోజులు. ఆమె ఇంక వాదించలేదు గానీ కుళాయీ కట్టలేదు.

నా పుస్తకాల్లో ఈ పెద్దమ్మ లేదు నాన్నా. నాకు ఈ పని రాదేమో అనిపిస్తోంది. ఒక్కసారి ఫోను ఎత్తకూడదా? సిగ్నల్ ఉన్నచోటికి నడిచి వెళ్లయినా సరే. నీ గొంతు వింటే చాలు, నువ్వేం చెప్పకపోయినా ఫరవాలేదు.

నీ పంతులమ్మ


గది నంబరు 9,
జూలై 27

పంతులమ్మా,

నీ గుంత కథ విని రెండు గదుల అవతల నుంచి కూడా నవ్వులు. నేనూ నవ్వాను. నేను మొదటి ఏడాది లీకు దొరికిందని బాయిలర్ ఆపించేశాను. లోపలికెళ్లి చూస్తే పైన ఫ్యానులో బేరింగు అరుస్తోంది. మా ఫోర్‌మాన్ నన్ను మూడు రోజులు పేరు పెట్టి పిలవలేదు, బేరింగనే పిలిచాడు. కాబట్టి నీకు పని రాదని నువ్వు తేల్చకు.

ఒకటి చెప్పడం మరిచాను, తప్పు నాదే. లీకు ఊపిరి పీల్చుకోదు. మనిషి చేసే చప్పుడైనా, మనిషి నడిపే మిషను చప్పుడైనా మధ్యలో ఒక క్షణం ఆగుతుంది. దర్జీ గుడ్డ తిప్పుకుంటాడు, దారం తెంపుకుంటాడు. లీకు అలా ఆగదు. కడ్డీ పెట్టి వంద దాకా లెక్కపెట్టు. వందలో ఒక్కసారి ఆగినా అది లీకు కాదు. రెండు వాల్వుల దగ్గరా విని, ఎక్కడ గట్టిగా ఉందో అటు జరుగుతూ పో.

ఆ పెద్దమ్మ మాటలో తప్పులేదు. ఇక్కడ సైరన్ కొట్టకుండా మేం ఏ వాల్వూ వదలం. మీరు సైరన్ లేకుండా నీళ్లు వదిలి, బిందె సైరన్ పెట్టుకున్నందుకు ఆమెని అంటున్నారు. ఆమె చప్పుడు మానాలంటే మీరొక చప్పుడివ్వాలి.

ఇక్కడ మా రెండో యూనిట్ మూసేస్తారని అంటున్నారు. ముసలిదైంది, తినేది ఎక్కువ, ఇచ్చేది తక్కువ. ఎప్పటి నుంచో అంటున్న మాటే.

ఫోను సంగతి.

(రాయమంటావా అని రెండుసార్లు అడిగాను. చెయ్యి ఊపాడు.)

సిగ్నల్ లేదు.

నాన్న


పంపుహౌస్ పక్క గది,
సెప్టెంబరు 15

నాన్నా నాన్నా,

ఈ ఉత్తరం బాబాయి చదివేటప్పుడు పదో గదివాళ్లని కూడా పిలవండి.

వంద దాకా లెక్కపెట్టాను. మొదటిది స్కూలు ప్రహరీ కింద దొరికింది. ఎండాకాలంలో కూడా అక్కడ గడ్డి పచ్చగా ఉంటుందని ఊరంతా ఆ హెడ్‌మాస్టరుగారిని మెచ్చుకునేది. తవ్వితే గొట్టం నోరు తెరుచుకుని ఉంది, నా అరచెయ్యి పట్టేంత. హెడ్‌మాస్టరుగారు కాస్త నొచ్చుకున్నారు. తర్వాత బస్టాండు దగ్గర ఒకటి, ఆస్పత్రి సందులో రెండు. మొత్తం పదకొండు.

చప్పుడివ్వమన్నావు కదా. ఇంజనీరుగారితో కూర్చుని ఏ సందుకి ఎన్నింటికి నీళ్లో కాయితం మీద పెట్టాం. సందు మొదట్లో బోర్డు రాయించాం. వాల్వు తిప్పడానికి పది నిమిషాల ముందు తాత సైకిలు మీద గంట కొట్టుకుంటూ వెళతాడు. మొదటి వారం ఎవరూ నమ్మలేదు. గంటా విన్నారు, బిందె కూడా పెట్టారు. రెండో వారం పెద్దమ్మ నన్ను పిలిచి, కొంగు ముడి విప్పి కుళాయి తల చేతిలో పెట్టింది. ఎన్నేళ్లుగా దాచిందో, తుప్పు పట్టింది. "నువ్వే బిగించు. చెడితే నీ జుట్టు నా చేతిలో ఉంటుంది" అంది. ఆమె కట్టాక సందంతా కట్టేసింది. ఇప్పుడు కట్టనివాళ్లని ఆమే తిడుతోంది, నాకు పని లేకుండా.

పంపులు ఇదివరకు రోజుకి పద్నాలుగు గంటలు తిరిగేవి. ఇప్పుడు తొమ్మిది. నిన్న సాయంత్రం నేను బల్ల దగ్గర ఉండగానే గోడ అవతల పంపు ఆగింది. ఆ నిశ్శబ్దంలో కూర్చుని కాసేపు ఏడ్చాను. ఎందుకో తెలియదు.

అసలు కబురు ఇంకా ఉంది. పక్క పట్టణాలు నాలుగూ మనమూ కలిసి పంపులకి సౌరవిద్యుత్తు తెచ్చుకోవాలని ఒప్పందం రాసుకున్నాం. అదే రోజు పేపర్లో మీ రెండో యూనిట్ అక్టోబరు ఒకటిన మూసేస్తారని పడింది. మన ఐదు ఊళ్ల వల్లే ఆగిందని అనుకునేంత చిన్నపిల్లని కాదులే. ఎన్నో ఊళ్లు తగ్గిస్తే గానీ అంత బాయిలర్ ఆగదు. అయినా పేపరు కత్తిరించి దాచుకున్నాను.

ఇంకా వినండి. లీకులు వినే మనిషి అని కౌన్సిల్ కొత్త పోస్టు పెట్టింది. ఇదంతా ఎవరు నేర్పారని ఇంజనీరుగారు అడిగితే నీ సంగతి చెప్పాను. "ఇంకేం, ఆయన్నే రమ్మను" అన్నారు. నోటీసు నేనే టైపు చేశాను. చదువు అక్కర్లేదు నాన్నా! చెవి బాగుంటే చాలు. నవంబరు ఒకటిన పరీక్ష. ఒక సందులో లీకు ఎక్కడుందో విని చెప్పాలి, అంతే. నీకది కళ్లు మూసుకుని చేసే పని.

నీ పేరు రాసేశాను. అమ్మ అప్పుడే నీ మంచం ఎండలో వేసింది. పన్నెండు రోజుల సెలవుకి కాదు, ఉండిపోవడానికి రా.

నీ పంతులమ్మ


గది నంబరు 9,
అక్టోబరు 4

అమ్మాయికి,

ఒకటో తారీఖున బాయిలర్ ఆపేశారు. ఇప్పుడు దాన్ని విప్పి ఇనుము వేరు చేసే పని ఉంది, రెండేళ్లు పడుతుంది. అందులో ఉంటానని ఒప్పుకున్నాను. ఆ పోస్టుకి ఎవరైనా కుర్రాణ్ణి పెట్టుకోండి. నా పేరు కొట్టేయించు. నన్ను అడగకుండా రాయాల్సింది కాదు.

మంచం లోపల వేసుకోమని అమ్మకి చెప్పు.

నాన్న


పంపుహౌస్ పక్క గది,
అక్టోబరు 13

నాన్నా,

నీ ఉత్తరం ఏడు వాక్యాలు. నేను లెక్కపెట్టాను, లెక్కపెట్టడమే కదా నా ఉద్యోగం.

ఇరవై ఏళ్లు బొగ్గు మండాలి గనక రాలేనన్నావు. నేనేమీ అనలేదు. ఇప్పుడు బొగ్గు ఆగిపోయింది గనక రాలేనంటున్నావు. ఇంక ఏం జరిగితే వస్తావు? అది చెప్పు, అది కూడా చేస్తాను.

మా బతుక్కి నువ్వు అలవాటు పడలేవని భయమా? మేం నీకు చుట్టాలమైపోయామా? అమ్మ మంచం లోపలికి తేలేదు. నిన్న వానకి తడిసింది.

ఊరు ఊరంతటికీ కడ్డీ పెట్టి వినడం నేర్పావు. కూతురు ఏం చెబుతోందో మాత్రం వినవు.

ఇంక నేను రాయను.


గది నంబరు 9,
అక్టోబరు 29

అమ్మాయీ,

ఇది మీ నాన్న చెబితే రాస్తున్నది కాదు. ఆయన బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నేను రాస్తున్నట్టు తెలియదు. తెలిస్తే నా మొహం చూడడు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే నీ చివరి ఉత్తరం చదివింది నేను. చివరి మాట చదవకుండా దాటేద్దామనుకున్నాను. నా పెదాల వంకే చూస్తున్నాడు, దాటలేకపోయాను.

మీ నాన్నకి చెవులు వినపడవమ్మా.

ఒక్కసారిగా పోలేదు. బాయిలర్ హోరులో ఇరవై ఏళ్లు కొంచెం కొంచెంగా అరిగిపోయాయి. రెండేళ్ల కిందట నాకు తెలిసింది. నీ ఉత్తరాలు ఊరంతా వినేలా ఎందుకు చదువుతానని అనుకున్నావు? అంత అరిస్తే సగం అందుతుంది, మిగతా సగం నా నోరు చూసి పట్టుకుంటాడు. సిగ్నల్ ఇక్కడ బ్రహ్మాండంగా ఉంది. నువ్వు ఫోను చేసినప్పుడల్లా దాన్ని అరచేతిలో పెట్టుకుని, అది అదిరి అదిరి ఆగేదాకా చూస్తాడు.

లోపల ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే బాయిలర్ దగ్గర అందరూ సైగలే చేస్తారు, అందరూ అరుస్తారు. లీకులు కూడా ఈ రెండేళ్లూ అరచెయ్యి ఆనించి అదురు చూసి చెప్పాడు. ఒకటో తారీఖున బాయిలర్ ఆపారు. మేం నూరుమందిమి కింద నిలబడ్డాం. హోరు తగ్గి తగ్గి, ఒక్కసారిగా ఏమీ లేదు. ఎప్పుడూ వినని పిట్టలు వినపడ్డాయి. ఎవరో ఏడ్చారు. మీ నాన్న ఒక్కొక్కరి మొహం చూసి, చివరికి నన్ను అడిగాడు, "ఆగిందా?" అని. పెద్దగా అడిగాడు, ఆయనకి తెలియదు కదా. అందరూ తిరిగి చూశారు.

ఆ సాయంత్రం నాతో అన్నాడు: "ఇక్కడ అందరం చెవిటివాళ్లమేరా. ఇంటికెళితే నేనొక్కణ్ణే."

పోస్టుకి చెవి బాగుంటే చాలని నువ్వు రాసిన ఉత్తరం చదివిన రోజు అన్నం తినలేదు. విప్పే పని రెండేళ్లన్నది నిజమే, కానీ అందులో ఈయన్ని ఎవరూ పిలవలేదు. వచ్చే నెలాఖరుకి గది కూడా ఖాళీ చేయాలి.

నువ్వు పెద్ద చదువు చదివినదానివి. ఏం చేయాలో నీకే తెలియాలి.

మీ క్రేన్ బాబాయి


పంపుహౌస్ పక్క గది,
నవంబరు 7

నాన్నా,

ఇంక రాయనన్నాను, రాస్తున్నాను. బాబాయి మీద కోప్పడకు. కోప్పడినా, ఆ సంగతి నాకు చెప్పాలంటే ఎలాగూ ఆయన చేతే రాయించాలి.

బాబాయీ, నెమ్మదిగా చదవండి. అరవొద్దు. నాన్న మీ మొహం చూస్తే చాలు.

పరీక్ష అయిపోయింది. పోస్టు దర్జీ తమ్ముడికి వచ్చింది. వంద దాకా లెక్కపెట్టి మరీ చెప్పాడు. కాబట్టి నీకోసం ఇక్కడ ఉద్యోగం లేదు. ఇంకో ఉద్యోగం వెతుకుతానని కూడా చెప్పను. నేను చేసిన తప్పు అదే. ఇంటికి రా అని రాయాల్సింది, పోస్టుకి రా అని రాశాను. చదువుకున్నాక నాకు ఏదైనా నోటీసు రూపంలోనే వస్తోంది.

మార్చిలో నేను చదువుతుంటే నువ్వు గోడవైపు తిరిగావు. అది నీకు పట్టలేదని ఇన్ని నెలలు బాధపడ్డాను. నీకు వినపడలేదని ఇప్పుడు తెలిసి అంతకంటే ఎక్కువ బాధపడ్డాను. నీ పక్కనే కూర్చుని చదివాను. అంత దగ్గరుండి కూడా గమనించలేదు. భూమిలో నాలుగడుగుల కింద కారేది పట్టుకుంటానని గొప్పలు పోయాను.

అమ్మకి చెప్పక తప్పలేదు. బియ్యం ఏరుతోంది. ఏరుతూనే, "ఇరవై ఏళ్లుగా నేను చెప్పింది ఎప్పుడు విన్నాడని, ఇప్పుడు కొత్తగా వినకపోవడానికి?" అంది. తర్వాత అదే బియ్యాన్ని మళ్లీ మొదటి నుంచి ఏరింది. కాసేపయ్యాక, "చేతులతో మాట్లాడుకుంటాంలే. తిట్టడానికి చేతులే నయం, పక్కింటికి వినపడదు" అంది.

ఇంట్లో నువ్వొక్కడివే అన్నావట. కాదు. నీ గొంతు ఎలా ఉంటుందో నాకు సరిగా గుర్తులేదు నాన్నా. ఏడాదికి పన్నెండు రోజులు వినే గొంతు ఎంత గుర్తుంటుంది? చిన్నప్పుడు నువ్వు వెళ్లిపోయిన మర్నాడు, నీలా దగ్గి చూసుకునేదాన్ని, నువ్వున్నట్టు ఉంటుందని. నీకు నా మాట వినపడదు, నాకు నీ గొంతు గుర్తులేదు. ఇద్దరం ఒకేలా ఉన్నాం. నువ్వు మాట్లాడగలవు కదా. నేను వింటాను. ఇన్నేళ్లూ నీకు చెప్పడమే తప్ప నీ మాట విన్నది ఎప్పుడని?

ఆస్పత్రిలో చెవుల డాక్టరు వారానికి ఒకసారి వస్తారు. ఆయన ఏమైనా చేయగలరో లేదో నాకు తెలియదు. చేయగలిగితే మంచిదే. చేయలేకపోయినా నువ్వు ఉండేది ఇంట్లోనే.

ఇక్కడ పంపులు ఇంకో గంట తగ్గాయి, ఎనిమిది గంటలే తిరుగుతున్నాయి. చెత్త సంగతి మొదలుపెట్టాం. తడి చెత్త, పొడి చెత్త వేరుచేయమంటే పెద్దమ్మ మళ్లీ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. ఇంకా ఏళ్ల పని ఉంది. ఇదంతా నీకు చూపించాలి. చూడ్డానికి చెవులక్కర్లేదు.

రా నాన్నా.

నీ పంతులమ్మ


గది నంబరు 9,
నవంబరు 21

పంతులమ్మా,

వీడు నెమ్మదిగా చదివాడు. రెండుసార్లు చదివించుకున్నాను. రెండోసారి వీడే మధ్యలో ఆపి కళ్లు తుడుచుకున్నాడు.

(అబద్ధం. దుమ్ము.)

నేను సిగ్గుపడ్డాను తల్లీ, అంతే. వేరే కారణం ఏమీ లేదు. నువ్వు చదువుకుని పెద్ద పెద్ద మాటలు నేర్చుకున్నావు, ఒక్కటీ నాకు అందదు కదా అనుకున్నాను. "ఆ? ఏంటీ?" అని అడుగుతూ నీ ముందు కూర్చోవడం నావల్ల కాదనుకున్నాను.

డాక్టరు దగ్గరికి వస్తాను. నువ్వు నాకు అక్షరాలు నేర్పుతానని వెంటపడేదానివి, నాలుగు నేర్చుకుని ఐదోది వచ్చేలోపు సెలవు అయిపోయేది. ఈసారి సెలవు లేదు కాబట్టి తప్పించుకోలేను. అమ్మకి చెప్పు, చేతులతో తిట్టేటప్పుడు చేతిలో గరిటె లేకుండా చూసుకోమని.

సామాను ఏమీ లేదు, ఒక పెట్టె. ఇరవై ఎనిమిదో తారీఖు ఉదయం బండి. తొమ్మిదిన్నరకి మీ స్టేషన్లో దిగుతాను, వెనక నుంచి మూడో బోగీ. జనం బాగా ఉంటారు.

నన్ను పిలవకు. నేరుగా వచ్చి నా ఎదురుగా నిలబడు.

నాన్న